సరుకు ఓడకి మళ్ళీ తెరచాప కడితే పొగ ఎంత తగ్గుతుంది?

మొన్న ఆగస్టులో కాకినాడ బీచ్‌లో నిలబడి చూస్తే దూరంగా సముద్రంలో ఆరు ఓడలు లంగరేసి ఉన్నాయి. సన్నగా తుంపర పడుతోంది. ఒక్క ఓడ మీదా పని జరగట్లేదు. అక్కడ ఎక్కించేది బియ్యం, తడిస్తే ఇక అంతే, అందుకని చినుకు పడగానే ఓడల మీద హాచ్ మూతలు, అంటే సరుకు నింపే అరల మూతలు, వేసేస్తారు, బార్జీల మీద టార్పాలిన్లు కప్పేస్తారు, కళాసీలు ఓ పక్కన బీడీలు ముట్టించుకుని కూర్చుంటారు. షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసే మా బావ ఒక ఓడ వైపు చెయ్యి చూపించి, "అది చూడు, సింగపూర్ నుంచి ఫుల్ స్పీడులో పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి తొమ్మిది రోజులైంది, అలాగే ఉంది" అన్నాడు.

"మరంత తొందరెందుకు పడ్డట్టు బావా?"

"ముందొచ్చినోడిది ముందు లైను. డెమరేజీ, అదే ఆలస్యానికి కట్టించే డబ్బు, దాని లెక్క కూడా వచ్చినప్పట్నుంచే కదా మరి."

సరుకు ఓడల పొగ తగ్గించడానికి మళ్ళీ గాలిని వాడుకోవడం గురించి ఏ వీడియో చూసినా ముందు తెల్లటి నిలువు రెక్కలున్న ఓ అందమైన ఓడని చూపిస్తారు. నేను మాత్రం ఈ తొమ్మిది రోజుల ఓడ దగ్గరే మొదలెడతాను. తెరచాప పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు తేలిపోయిన సంగతి, పనిచేస్తుంది. తేలనిది ఆ తొందర సంగతీ, ఖర్చు ఎవరిదన్న సంగతీ.

ముందు లెక్క ఎంతో చూద్దాం. ప్రపంచంలో దేశాల మధ్య జరిగే సరుకు రవాణాలో, పరిమాణం ప్రకారం చూస్తే, 80 శాతానికి పైగా ఓడల్లోనే పోతుంది. ఓడల నుంచి వచ్చే, భూమిని వేడెక్కించే వాయువులు మనుషుల వల్ల వచ్చే మొత్తంలో దాదాపు 3 శాతం. టన్ను సరుకుని కిలోమీటరు మోయడానికి లారీ కంటే, విమానం కంటే ఓడ చాలా తక్కువ ఇంధనం తాగుతుంది, ఆ మాట నిజమే, కానీ ఓడలు మరీ ఎక్కువ, దూరాలూ ఎక్కువ. పైగా చాలా ఓడలు కాల్చేది తారులాంటి చిక్కటి నూనె, వేడి చేస్తే గానీ పైపులో కదలదు. అలాంటిది టన్ను కాలిస్తే మూడు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బ్యాటరీ పెడితే పోలేదా అంటే, యానాం రేవు దాటే ఫెర్రీకి సరిపోతుంది గానీ నెల రోజులు సముద్రం మీద నడిచే ఓడకి బ్యాటరీలే సరుకంత బరువవుతాయి.

అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ, అదే ఐఎంఓ, 2023లో ఒక లక్ష్యం పెట్టుకుంది. 2050 నాటికి లేదా ఆ దరిదాపుల్లో నికర ఉద్గారాలు సున్నాకి రావాలి, 2008తో పోలిస్తే 2030కే కనీసం 20 శాతం తగ్గాలి. 2030 అంటే రేపో ఎల్లుండో అన్నట్టే. కొత్త ఇంధనాలు ఆ లోపు సరిపడా రావు. అందుకే ఉన్న ఓడల మీదే ఇప్పటికిప్పుడు ఏం చెయ్యొచ్చు అని వెతికేవాళ్ళందరి చూపూ గాలి మీద పడింది.

మన వైపు వాళ్ళకి గాలితో ఓడ నడపడం గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీదే రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు, 1839 తుఫాను ముంచేసేదాకా పెద్ద రేవు. ఇక్కడి నుంచి జనం రంగూన్ ఎంతగా వెళ్ళారంటే బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలు అనే పేరే పడిపోయింది. తాళ్ళరేవు వైపు చెక్క దోనీలు కట్టే పని ఇంకా చాలాకాలం నడిచింది.

సముద్రం దాకా ఎందుకు, డెల్టా కాలవల్లో కూడా ధాన్యం పడవలు తెరచాప మీదే నడిచేవి. మా ఊళ్ళో చిన్నప్పుడు పడవ మీద పనిచేసిన ఒక తాత ఉండేవాడు, ఆయన్ని కదిపితే చాలు గంట మాట్లాడేవాడు. గాలివాటం ఉంటే తెరచాప ఎత్తడం, గాలి పడిపోతే ఇద్దరు గట్టెక్కి తాడు భుజానికేసుకుని లాగడం, లోతు తక్కువైతే గెడ వెయ్యడం, వంతెన వస్తే కొయ్య దించెయ్యడం. "గాలొక్కదాన్నే నమ్ముకుంటే లాకుల కాడికి ఎప్పుడు చేరతావో దేవుడికెరుక బాబూ, అందుకే తాడు కూడా ఉండాల" అనేవాడు. ఇప్పటి ఇంజనీర్లు చేస్తున్నది కూడా అచ్చంగా ఇదే ఏర్పాటు. ఇంజను తీసెయ్యరు, అది తాడు లాంటిది. గాలి ఉన్నంతసేపు ఇంజను మీద భారం తగ్గిస్తారు, లేనప్పుడు మామూలే. ప్రధానంగా తెరచాప మీదే నడిచే సరుకు ఓడలు లేకపోలేదు, ఫ్రాన్స్‌లో టోవ్ట్ అనే కంపెనీ 2024లో అనెమోస్ అనే ఓడ దింపింది, కానీ అది మోసేది వెయ్యి టన్నుల దరిదాపు. కాకినాడలో బియ్యం ఎక్కించుకునే ఓడలు పాతిక వేల నుంచి యాభై వేల టన్నులు మోస్తాయి. ఈ రెండూ వేరే కథలు.

ఇప్పుడు అసలు తెరచాప ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇక్కడే చాలామంది తికమక పడతారు. గాలి వెనక నుంచి తోస్తే ఓడ ముందుకి పోతుంది అనుకుంటాం. అది పాత చతురస్రపు తెరచాపల సంగతి. తుఫానప్పుడు ఇంటి కప్పు మీద రేకు ఎలా లేస్తుందో గుర్తు తెచ్చుకోండి. గాలి అడ్డంగా వీస్తోంది, రేకు మాత్రం పైకి లేస్తోంది. గాలి వీచే దిశలో కాకుండా దానికి అడ్డంగా బలం పుడుతోందన్నమాట. రేకుకి పైన గాలి వేగంగా జారిపోయి ఒత్తిడి తగ్గుతుంది, కింద ఒత్తిడి ఎక్కువుంటుంది, తేడా వల్ల రేకు లేస్తుంది. విమానం రెక్క ఎగిరేదీ అలాగే. ఆ రేకుని తీసుకెళ్ళి ఓడ డెక్కు మీద నిలువుగా నిలబెట్టి సరైన కోణంలో తిప్పితే, పక్క నుంచి వచ్చే గాలి ఓడని ముందుకి లాగుతుంది. ఈ పద్ధతికి గాలి పక్క నుంచే రావాలి, వెనక నుంచి వస్తే అంత లాభం లేదు.

దీంతోపాటు ఇంకో మెలిక ఉంది. మధ్యాహ్నం పూట యానాం–ఎదుర్లంక వారధి మీద బండి ఆపి నిలబడితే సముద్రం గాలి పక్క నుంచి కొడుతుంది. అదే బండి యాభైలో పోనిస్తే గాలి ముఖం మీదకి వస్తున్నట్టు ఉంటుంది. గాలి మారలేదు, మన వేగం దానికి కలిసింది. ఓడకీ అంతే. 12 నాట్లలో, అంటే గంటకి 22 కిలోమీటర్ల వేగంతో పోయే ఓడకి వెనక నుంచి అదే 22 కిలోమీటర్ల గాలి వీస్తే డెక్కు మీద జెండా కూడా కదలదు. గాలీ ఓడా కలిసి నడుస్తున్నట్టు లెక్క. అదే గాలి పక్క నుంచి వస్తే తెరచాపకి పండగే. ఈ ఒక్క విషయం బుర్రలో ఉంచుకుంటే మిగతా అంతా తేలిక.

తెరచాపల్లో ఇప్పుడు నాలుగైదు రకాలున్నాయి. వాటిలో నాకు బాగా నచ్చింది గుడ్డ గానీ రెక్క గానీ లేని రకం. డెక్కు మీద ఫ్యాక్టరీ చిమ్నీ లాంటి పెద్ద స్తంభం నిలబెట్టి దాన్ని మోటారుతో గిరగిరా తిప్పుతారు. అంతే. వాలీబాల్ ఆడిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. బంతిని ముందుకి తిరిగేలా కొట్టి సర్వీసు వేస్తే, నెట్టు దాటాక అది గబుక్కున కిందకి దిగిపోతుంది కదా. తిరిగే బంతి తన పక్కనున్న గాలిని ఒకవైపు లాక్కుపోతుంది, ఇంకోవైపు అడ్డుకుంటుంది, దాంతో బంతి పక్కకి నెట్టబడుతుంది. 19వ శతాబ్దం మధ్యలో దీన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద మాగ్నస్ ప్రభావం అంటారు. బంతి బదులు స్తంభం తిరుగుతుంది, పక్క గాలి తగులుతుంది, ఓడ ముందుకి పోతుంది. మోటారుకి అయ్యే కరెంటు తక్కువ, వచ్చే తోపు దానికి ఎన్నో రెట్లు.

ఇదేదో నిన్నా మొన్నటి కనిపెట్టు కూడా కాదు. అంటోన్ ఫ్లెట్నర్ అనే జర్మన్ ఇంజనీరు 1924లోనే బుకావ్ అనే ఓడ మీద రెండు స్తంభాలు పెట్టి నడిపించాడు, 1926లో అది పేరు మార్చుకుని అట్లాంటిక్ దాటి న్యూయార్క్ కూడా చేరింది. తర్వాత మరుగున పడిపోయింది, ఎందుకంటే అప్పుడు చమురు చవక, డీజిల్ ఇంజను దూసుకొస్తోంది. మళ్ళీ 1970ల చమురు సంక్షోభం తర్వాత, 1980లో జపాన్ వాళ్ళు షిన్ ఐతోకు మారు అనే చిన్న ట్యాంకరుకి తెరచాపలు కట్టారు. ఆ దశాబ్దం మధ్యలో చమురు ధర పడిపోయింది, తెరచాపలు మళ్ళీ అటకెక్కాయి. గాలి మీద ప్రేమ ఎప్పుడూ చమురు బిల్లుని బట్టే పుట్టి చచ్చింది. ఈసారి కూడా అలాగే అవుతుందేమో అని అనుమానించే వాళ్ళని తప్పు పట్టలేం.

మిగతా రకాలు త్వరగా చెప్పేస్తాను. ఒకటి గట్టి రెక్కలు, విమానం రెక్కని నిలబెట్టినట్టు ఉంటాయి, వద్దనుకుంటే మడిచి పడుకోబెట్టొచ్చు. ఇంకోటి లోపలికి గాలి పీల్చుకునే లావుపాటి రెక్కలు, దీని తాతముత్తాతని ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో 1985లో ఆల్సియోన్ అనే ఓడ మీద వాడాడు. మరోటి ఓడ ముక్కు నుంచి ఎగరేసే పెద్ద గాలిపటం, 2008లో బెలూగా స్కైసెయిల్స్ అనే ఓడ అలా వెళ్ళింది. వినడానికి సంక్రాంతిలా ఉంటుంది గానీ, సముద్రంలో దాన్ని ఎగరెయ్యడం, దించడం పెద్ద తలనొప్పి.

సరే, ఎంత మిగులుతుంది? ఇక్కడ కంపెనీల బ్రోచర్లలో ముప్పై శాతం, నలభై శాతం అని చదివి బోల్తా పడొద్దు. మార్స్క్ పెలికాన్ అనే లక్ష టన్నుల పైచిలుకు ట్యాంకరు మీద 2018లో 30 మీటర్ల ఎత్తున్న తిరుగుడు స్తంభాలు రెండు పెట్టి ఏడాది పాటు కొలిస్తే 8.2 శాతం ఇంధనం మిగిలింది. పిక్సిస్ ఓషన్ అనే 80 వేల టన్నుల ఓడ 2023 ఆగస్టులో 37.5 మీటర్ల రెక్కలు రెండింటితో బయల్దేరింది, దాన్ని అద్దెకి తీసుకున్నది ధాన్యం వ్యాపారం చేసే కార్గిల్. మొదటి ఆరు నెలల్లో సగటున రోజుకి 3 టన్నుల ఇంధనం మిగిలింది, గాలి బాగా కలిసొచ్చిన రోజున 11 టన్నులు. ఆ సైజు ఓడ మామూలుగా రోజుకి పాతిక ముప్పై టన్నులు కాలుస్తుంది కాబట్టి సగటున పదో వంతు అనుకోండి. ఆ 11కీ 3కీ మధ్య ఉన్న తేడా ఏమిటంటే, దారి.

దారి ఎంత ముఖ్యమో మన బియ్యం ఓడతోనే చూద్దాం. కాకినాడ నుంచి పశ్చిమాఫ్రికాలో బెనిన్ దేశపు కొటోనూ రేవుకి బియ్యం బాగా పోతుంది. దక్షిణాఫ్రికా చివరి మొన చుట్టి వెళ్ళాలి, సుమారు నెల రోజుల ప్రయాణం. డిసెంబర్లో బయల్దేరితే బంగాళాఖాతంలో ఈశాన్య గాలి వెనక నుంచి వస్తుంది, కాస్త సాయం, అంత గొప్పేం కాదు, ఎందుకో పైన చెప్పుకున్నాం. భూమధ్యరేఖ దాటి కొంత కిందకి దిగాక హిందూ మహాసముద్రంలో ఆగ్నేయ వ్యాపార పవనాలు, ఓడ నైరుతికి పోతుంటే గాలి సరిగ్గా ఎడమ పక్క నుంచి, రోజుల తరబడి. తెరచాప డబ్బులు రాబట్టుకునేది ఇక్కడే. ఆఫ్రికా కొస దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి పడమటి గాలులు ఎదురొస్తాయి, అప్పుడు రెక్కలు మడిచెయ్యాలి, స్తంభాలైతే ఊరికే నిలబడి గాలికి అడ్డం అవుతాయి. ఆ తర్వాత అట్లాంటిక్‌లో మళ్ళీ వెనక గాలి. అదే ఓడ జులైలో బయల్దేరిందనుకోండి, కాకినాడ దాటగానే నైరుతి రుతుపవనం ముఖం మీద కొడుతుంది. ఒకే ఓడ, ఒకే తెరచాప, నెల మారితే లెక్క మారిపోతుంది. అందుకే వాతావరణం చూసి దారి కాస్త అటూ ఇటూ మార్చే సాఫ్ట్‌వేర్ లేకుండా తెరచాప కొనడం సగం డబ్బు నీళ్ళలో పోసుకోవడమే.

ఇక బావ చెప్పిన తొందర దగ్గరికి వద్దాం. ఓడ వేగం పెంచాలంటే ఇంజను శక్తి ఇంచుమించు వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. తిరగేసి చెప్తే, వేగం పదో వంతు తగ్గిస్తే శక్తి దాదాపు 27 శాతం తక్కువ చాలు. ప్రయాణం కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి ట్రిప్పు మొత్తం మీద మిగిలేది 19 శాతం. అంటే ఏ తెరచాపా లేకుండా, పైసా ఖర్చు లేకుండా, ఊరికే నెమ్మదిగా రావడం వల్ల పిక్సిస్ ఓషన్ సగటు కంటే ఎక్కువ మిగులుతుంది! తొమ్మిది రోజులు లంగరేసి ఉన్న ఓడ ఆ తొమ్మిదిలో రెండు మూడు రోజులు దారిలోనే ఖర్చు పెట్టి ఉంటే సరిపోయేది. మరి ఎందుకు రాలేదు? కాంట్రాక్టు. ఓడ రేవుకి చేరి "నేను సిద్ధం" అని నోటీసు ఇచ్చినప్పుడే వరసలో దాని చోటు ఖాయమవుతుంది, గడియారం తిరగడం మొదలవుతుంది, ఒప్పుకున్న గడువు దాటితే సరుకు వాడు ఓడ వాడికి రోజుకింత అని డెమరేజీ కట్టాలి. అంటే తొందరగా వచ్చి ఖాళీగా నిలబడ్డా ఓడ వాడికి నష్టం లేదు, ఒక్కోసారి లాభం కూడా. నెమ్మదిగా గాలివాటం చూసుకుని వచ్చిన కెప్టెన్‌కి మాత్రం వరసలో చివరి చోటు.

గాలి తెరచాపకి కూడా ఇదే ముడి. ఓడలు ఎక్కువగా అద్దెకి తిరుగుతాయి. నెలల తరబడి అద్దెకి తీసుకుంటే ఇంధనం బిల్లు అద్దెకి తీసుకున్న వాడిది, ఓడ మీద ఏదైనా బిగించాలంటే ఖర్చు యజమానిది. అద్దె ఇంట్లో కరెంటు బిల్లు తగ్గే ఫ్యాన్లు ఎవరు బిగించాలి అన్న గొడవ లాంటిదే ఇది, యజమాని ఎందుకు పెడతాడు, బిల్లు కట్టేది తను కాదుగా? కిరాయిదారు ఎందుకు పెడతాడు, ఏడాది తర్వాత ఖాళీ చేసి పోతాడుగా? తెరచాపలకి కోట్ల రూపాయలవుతాయి, వసూలవడానికి ఏళ్ళు పడుతుంది, మధ్యలో చమురు ధర పడిపోతే ఇంకా ఆలస్యం. పిక్సిస్ ఓషన్ ఎలా కుదిరిందంటే అద్దెకి తీసుకున్న పెద్ద కంపెనీయే ముందుకొచ్చింది. అలాంటివాళ్ళు తక్కువ. 2025 మొదట్లో గాలి సాయంతో నడిచే పెద్ద ఓడలు ప్రపంచం మొత్తం మీద యాభై చిల్లర, మొత్తం వాణిజ్య ఓడలు లక్షకి పైన.

దీన్ని కదిలించేది పొగ మీద ధర ఒక్కటే అని నా అభిప్రాయం. యూరప్ 2024 నుంచి తన రేవులకి వచ్చే పెద్ద ఓడల చేత కార్బన్‌కి డబ్బు కట్టిస్తోంది, 2025 నుంచి ఇంధనం మీద పెట్టిన ఇంకో నిబంధనలో గాలి వాడే ఓడలకి కొంచెం మినహాయింపు కూడా ఉంది. ప్రపంచమంతటికీ అలాంటిది పెట్టాలని ఐఎంఓలో 2025 ఏప్రిల్లో ఒక చట్రం ఒప్పుకున్నారు, తీరా అక్టోబర్లో ఖాయం చెయ్యాల్సిన సమావేశంలో ఏడాది వాయిదా వేశారు. యజమానులు మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

కొంతమంది "ఈ తెరచాపలెందుకు, గ్రీన్ అమ్మోనియా వస్తోందిగా" అంటారు. మన కాకినాడలోనే ఏఎం గ్రీన్ అనే సంస్థ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టు చేపట్టింది కాబట్టి ఈ మాట ఇక్కడ ఎక్కువే వినిపిస్తుంది. రావాలి, కావాలి కూడా. కానీ ఆ దారి ఒకసారి చూడండి. ఎక్కడో గాలిమర తిరిగి కరెంటు వస్తుంది, ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు, దానికి నైట్రోజన్ కలిపి అమ్మోనియా చేస్తారు, చల్లబరిచి ట్యాంకులో పోస్తారు, చివరికి ఇంజనులో కాల్చి ప్రొపెల్లర్ తిప్పుతారు. ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది, మొదట ఉన్న శక్తిలో ప్రొపెల్లర్ దాకా చేరేది పావు వంతు అటూ ఇటూ. పైగా కిలో అమ్మోనియాలో కిలో ఓడ నూనెలో ఉన్న శక్తిలో సగం కూడా ఉండదు, ట్యాంకు పెద్దదవుతుంది, విషవాయువు కాబట్టి జాగ్రత్తలూ పెరుగుతాయి. డెక్కు మీద తెరచాప అదే గాలిని మధ్యలో ఏ దళారీ లేకుండా నేరుగా వాడుకుంటుంది. ఇంధనం ఎంత ఖరీదైతే తెరచాప మిగిల్చే ప్రతి టన్నూ అంత విలువైనది అవుతుంది. కాబట్టి అమ్మోనియా వస్తే తెరచాప పని అయిపోదు, అప్పుడే దానికి అసలు గిరాకీ.

ఇవన్నీ బావకి చెప్తే ఓపిగ్గా విని, "ఆయ్, అంతా బాగానే ఉంది గానీ ఆ ఓడ మీద తెరచాప ఎక్కడ పెడతావో చూపించు" అన్నాడు. నిజంగానే చూశాను. కాకినాడ లంగరు రేవులో ఓడ గట్టుకి రాదు, సముద్రంలోనే ఉంటుంది, అక్కడికి బార్జీలు బస్తాలు తీసుకెళ్తాయి. గట్టు మీద క్రేను ఉండదు కాబట్టి ఓడకే సొంత క్రేన్లు ఉండాలి. హాచ్‌కీ హాచ్‌కీ మధ్య ఒక్కో క్రేను, డెక్కు పొడుగునా నాలుగు. అవి బస్తాల వలని ఎత్తి, బార్జీ మీద నుంచి లోపలికి తిప్పుతుంటే ఆ చుట్టు పరిధిలో ఇంకేదీ నిలబడడానికి వీల్లేదు. ఇంత వరకు తెరచాపలు పెట్టిన పెద్ద ఓడలు ఎక్కువగా ట్యాంకర్లు, సొంత క్రేన్లు లేని ఖనిజం ఓడలు, డెక్కు ఖాళీగా ఉన్నవి. మన బియ్యం ఓడకి మిగిలిన చోటు ఒక్కటే, ముందు ముక్కు దగ్గర, అక్కడ ఒక స్తంభమో పీల్చే రెక్కల జతో పట్టొచ్చు. అప్పుడు మిగిలేది పది శాతం కాదు, మూడో నాలుగో అని నా అంచనా. వంతెన దగ్గర పడవ కొయ్య దించినట్టు అవసరమైతే పడుకోబెట్టే రకం అయితే ఇంకా మేలు.

"నాలుగు శాతానికి అంత ఖర్చా?" అన్నాడు.

"నాలుగుకి కాదు బావా, ఆ తొమ్మిది రోజులు కూడా కలుపుకుంటే" అన్నాను. వర్షం వస్తుందో రాదో మూడు నాలుగు రోజుల ముందే చెప్తున్నారు, లంగరు రేవులో ఖాళీ లేదని, బార్జీలు లేవని ఏజెంటుకి వారం ముందే తెలుస్తుంది, అదే కబురు సింగపూర్ దాటిన కెప్టెన్‌కి చెప్పి, నెమ్మదిగా రావయ్యా, వరసలో నీ చోటు నీకే ఉంటుంది అని కాంట్రాక్టులో రాసిస్తే చాలు. అలాంటి షరతులు ఓడ వ్యాపారంలో ఇప్పటికే తయారుగా ఉన్నాయి, సంతకం పెట్టే వాళ్ళు కావాలి. బావ కాసేపు ఆలోచించి, మిల్లర్లు ఒప్పుకోవచ్చు గానీ అవతల బియ్యం కొనేవాడు ఒప్పుకోడు, వాడికి బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడకెక్కిందని ఇచ్చే రసీదు, దాని మీద తారీఖే ముఖ్యం అన్నాడు. ఈలోపు తుంపర ఆగింది. దూరంగా ఒక ఓడ మీద హాచ్ మూత తెరుస్తున్నారు, అది మాత్రం మేం మాట్లాడుకున్న ఓడ కాదు.